ముసుగు ఇంజన్ మీద కురిసిన వాన

కనిపించేదాన్నీ కనిపించనిదాన్నీ ఒక్కలాగే ఎరిగిన ప్రభువుకే సమస్త స్తుతులూ. ఎండిన నేలకు ఊపిరి పోసేవాడు ఆయనే. సూది పట్టిన వేళ్లకు పని నేర్పినవాడూ ఆయనే. నేను రాయబోయే ఈ నాలుగు మాటల్లో మంచి ఉంటే అది ఆయన ఇచ్చింది, లోపం ఉంటే అది నాది.

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో మా అంగడి ఉండేది. బండ్ల మీదికీ లారీల మీదికీ టార్పాలిన్లు కుట్టడం మా పని. ఆ పనీ, ఖురాన్ చదువూ రెండూ నాకు మా అబ్బాజాన్ దగ్గరే వచ్చాయి. పొద్దున పాఠం, తర్వాత దబ్బనం. ఆయన పోయాక అంగడి నా చేతికి వచ్చింది. ఎనభైల మొదట్లో వరుసగా వానలు మొహం చాటేశాయి. పత్తీ వేరుశనక్కాయలూ పండితేనే బండ్లు కదిలేవి, బండ్లు కదిలితేనే నా దబ్బనం కదిలేది. నెలల తరబడి పాత టార్పాలిన్లకు మాసికలు వేసుకుంటూ కూర్చున్నాను.

పని ఉన్నా లేకున్నా సాయంత్రం అసర్ నమాజు కాగానే నేను స్టేషనుకు పోయేవాణ్ణి. మాది ముగ్గురి జట్టు. ఒకాయన జిన్నింగు ఫ్యాక్టరీలో ఫిట్టరు. దూరం నుంచి కూత విని ఏ ఇంజనో చెప్పేస్తానని పందెం కాసేవాడు, సగం సార్లు ఓడిపోయేవాడు. రెండో ఆయన ఎమ్మిగనూరు నేతగాడు. వాళ్ల ఊరికి రైలు లేదు. అందుకేనేమో రైలంటే మా ఇద్దరికంటే ఆయనకే పిచ్చి ఎక్కువ. నేసిన గుడ్డను ఆదోని అంగళ్లలో వేసి, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, ఆఖరి బస్సు దాకా బెంచీ మీద కూర్చునేవాడు. బొగ్గింజన్లను పక్కకు నెట్టి డీజిళ్లు వస్తున్న కాలం అది. మా ముగ్గురికీ ఎంత మాట్లాడుకున్నా తరిగేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక రైల్వే ఇంజనీరు మా అంగడికి వచ్చాడు. గూడ్స్ షెడ్డు పక్క లైనులో ఒక ఇంజన్ పెట్టారట. జ్ఞాపకంగా దాన్ని స్టేషను ముందర నిలబెడతారట. పెద్దలు వచ్చి తెర తీసేదాకా అది ఏ ఇంజనో ఎవరికీ తెలియకూడదు.

"ఒక్క లాగుకు గుడ్డంతా జారిపోవాలి. పదిమందిలో అది ఇరుక్కుందంటే నాకూ తలవంపే, నీకూ తలవంపే. బాగా జరిగితే గూడ్స్ షెడ్డు టార్పాలిన్ల కుట్టుపని ఇకమీద నీకే రాసిస్తాను. లోపల ఏముందో మాత్రం ఇంట్లో కూడా చెప్పకూడదు" అన్నాడు.

అల్లాహ్ సాక్షిగా మాట ఇచ్చాను. ఎవరైనా నమ్మి అప్పగించిన దాన్ని మేం అమానత్ అంటాం. దాన్ని కాపాడడం నమాజుతో సమానమైన బాధ్యత అని అబ్బాజాన్ చెప్పేవారు. కొలతలకు పోయినప్పుడు ఇంజన్ని చూశాను. ఏం చూశానో ఇంకొంచెంసేపటికి చెబుతాను.

మందమైన కోరా గుడ్డ ఎమ్మిగనూరు స్నేహితుడి దగ్గరే నేయించాను, ఎందుకో చెప్పకుండా. ఇంజన్‌కు ఇటొక సగం, అటొక సగం గుడ్డ వేలాడదీసి, రెండింటినీ నడినెత్తిన పురికొసతో కలిపి గొలుసుకుట్టు వేశాను. మార్కెట్లో మూటల మూతులకు వేసే కుట్టు అది. సరైన కొస దొరికించుకుని లాగితే మొదటి నుంచి చివర దాకా పరపరా ఊడి వస్తుంది. కొసను ముందువైపు ఒక తాడుకు కట్టాను. లోపలి ఆకారం తెలియకుండా గుడ్డకింద అక్కడక్కడా పత్తి మూటలు ఇరికించాను.

ఆ సాయంత్రం నుంచి మా బెంచీ మీద కూర్చోవడం నాకు పరీక్ష అయింది.

"డీజిలే అది! కొత్త రకం" అన్నాడు ఫిట్టరు.

"డీజిల్‌కు నెత్తిన ఆ గూని ఎందుకుంటాదప్పా?" అన్నాడు నేతగాడు.

"గాలి పంకా పెట్టింటారు."

"పంకా పక్కన ఇంకో గూని ఉండాదే. అది దాని పిల్ల పంకానా?" నేతగాడు నా వైపు తిరిగాడు. "సాయిబన్నా, నేను నేసిన గుడ్డనే నా కండ్లకు అడ్డం కట్టినావు గదా. నీకిది న్యాయమేనా?"

నేను నవ్వి, వచ్చే బండి వైపు తల తిప్పుకున్నాను.

"సూడు, గుడ్డతో పాటు నోరు గూడా కుట్టుకున్నాడు" అన్నాడు ఫిట్టరు.

నేతగాడి ఊహ వేరే. "మా ఎమ్మిగనూరుకు లైను ఏస్తాండారు. మొదట తిరిగే ఇంజన్ ఇదే. నాకు తెలుసు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూస్తే కాదని చెప్పబుద్ధయ్యేది కాదు. చెప్పే వీలూ లేదు.

ప్లాట్‌ఫారం మీద అదే చర్చ. తుగ్గలికి పోయే ఒక ముసలమ్మ లైను దాటి వచ్చి గుడ్డకు దండం పెట్టుకుని పోతుంటే, "ఏముండాదని మొక్కినావవ్వా?" అని ఫిట్టరు అడిగాడు. "అంత బాగా కప్పి పెట్టినారంటే పెద్దదే ఉంటాది గదనప్పా. మొక్కితే ఏం పోయింది?" అంది ఆమె.

తెర తీసేది శనివారం. శుక్రవారం పొద్దున ఊరి ముస్లింలంతా ఈద్గాకు వచ్చి వాన నమాజు చేయాలని మసీదులో ప్రకటించారు. అది వినగానే నాకు నా కుట్టు గుర్తొచ్చింది.

నా కుట్టంతా మామూలు పురికొసతో వేసింది. తడిస్తే పురికొస ఉబ్బుతుంది. ఉబ్బితే ముడులు బిగుసుకుంటాయి. ఇక ఎంత లాగినా గుడ్డ జారదు. అబ్బాజాన్ ఉన్నప్పుడు ప్రతి దారానికీ మైనం రుద్దేవాళ్లం. ఏళ్ల తరబడి వాన లేక, మైనం రుద్దే అలవాటే మా వీధిలో అందరికీ తప్పిపోయింది. తడుస్తుందన్న ఆలోచనే ఎవరికీ రాదు.

"సాయిబన్నా, ఒక్క దినం ఆగి కురిపియ్యమని మీ దేవునికి సెప్పుకోరాదా?" అన్నాడు ఫిట్టరు. వేళాకోళానికే అన్నాడు. నేను ఆ మాట మోసుకునే ఈద్గాకు నడిచాను.

ఈద్గా గోడ అవతల పెద్దకడుబూరు వైపు రైతులు కూడా వచ్చి నిలబడ్డారు. వాళ్లు మా నమాజు చేసేవాళ్లు కారు. తలగుడ్డలు తీసి చేతులు జోడించుకుని నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన కాళ్లకు చెప్పులు లేవు. పగుళ్ల నిండా దుమ్ము. ఆ పాదాలు చూశాక నా ఇంజన్ సంగతి నా నోటికి రాలేదు. ఇమాం సాబ్ భుజం మీది చద్దరు తిప్పి కప్పుకున్నారు. ఈ కరువును ఇలాగే తిప్పివెయ్యమని అడిగే పద్ధతి అది. మేమూ మా చద్దర్లు తిప్పుకున్నాం. "ఈరోజే, ఇప్పుడే కురిపించు ప్రభూ" అని మనసంతా పెట్టి అడిగాను. ఆమీన్ అన్నప్పుడు నా గొంతు పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా వచ్చింది.

సాయంత్రానికి పడమటి దిక్కు నల్లబడింది. మగ్రిబ్ నమాజులో ఉండగానే మసీదు రేకుల మీద చినుకులు రాలాయి. ఆపైన కుండపోత. వీధిలో జనం గొడుగు లేకుండా, పరుగు తీయకుండా, కావాలనే తడిశారు. నేనూ తడిశాను. ఏడ్చాను కూడా. అది భయం కాదు, కృతజ్ఞత.

తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని, అంగట్లో అడుగున పడి ఉన్న మైనం ఉండనూ కొత్త పురికొసనూ తీసుకుని గూడ్స్ షెడ్డుకు పోయాను. నా స్నేహితులిద్దరూ అప్పటికే అక్కడ ఉన్నారు. వానకు బస్సు తప్పి నేతగాడు ఫిట్టరు ఇంట్లోనే పడుకున్నాడట. ఇద్దరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. పత్తి మూటలు నీళ్లు పీల్చి కిందికి జారాయి. తడిసిన గుడ్డ ఇంజన్ ఒంటికి అతుక్కుంది. పొగగొట్టం పొగగొట్టంలాగే నిక్కి కనిపిస్తోంది.

"బొగ్గింజన్!" అని అరిచాడు ఫిట్టరు. "నా పంకా పోయిందప్పా!"

ఇంజనీరు కూడా గొడుగు వేసుకుని పరుగున వచ్చాడు. కొస పట్టుకుని మెల్లగా లాగి చూపించాను. ఒక్క ముడి కూడా కదల్లేదు. ఆయన ముఖం పాలిపోయింది. "పెద్దలు ఈ పొద్దుటి బండికే వస్తున్నారు" అన్నాడు.

"కుట్టు విప్పి మైనం దారంతో మళ్లీ వేస్తాను సార్. ఇటొకరు, అటొకరు గుడ్డ అంచులు పట్టుకోవాలి" అన్నాను.

"పట్టుకునేవాళ్లు లోపల చూస్తారు కదా?"

నేతగాడు ముందుకొచ్చాడు. "మా కండ్లు కట్టేయండి సార్. ఇన్ని దినాలు కాసుకోని ఉండాం. ఇప్పుడు సందులో నుంచి సూస్తే మా మర్యాద ఏం గాను?" అని భుజం మీది టవలు తీసి తానే కళ్లకు కట్టుకున్నాడు. ఫిట్టరు గొణుక్కుంటూ తనదీ కట్టుకున్నాడు.

ఆదోని మొత్తంలో ఆ ఇంజన్ని చూడాలని అందరికంటే ఎక్కువగా కొట్టుకుపోతున్న ఇద్దరు మనుషులు, కళ్లకు గంతలతో చెరో నిచ్చెన మీద నిలబడి దాని నెత్తిన గుడ్డ పట్టుకున్నారు. కింద కూలీలు నిచ్చెనలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను ఇంజన్ పైకెక్కి, బిస్మిల్లా అని పాత కుట్టు కోసి, మైనం పట్టించిన దారంతో గొలుసు మొదలుపెట్టాను. నేను జరిగినప్పుడల్లా నిచ్చెనలు జరిగాయి.

"ఒరే, సేతికి రివిట్లు తగులుతాండాయి" అన్నాడు ఫిట్టరు.

"సెయ్యి దియ్యి. అది గూడా సూసినట్టే" అని గదమాయించాడు నేతగాడు.

చివరి ముడి వేసేసరికి ఎండ వచ్చింది. జారిన మూటలను మళ్లీ పైకి తోశాం. అంతలోనే బండి కూత పెట్టింది.

మొదటి వాన పడిన పొద్దు కదా, ఊరంతా పండగలా ఉంది. ప్లాట్‌ఫారమూ గూడ్స్ షెడ్డూ జనంతో నిండిపోయాయి. వచ్చిన పెద్దాయన తాడు పట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకుని పెదాల మీదే దువా చదువుతున్నాను. సర్రుమని శబ్దం. కళ్లు తెరిచేసరికి దారం గాలిలో పాములా పరుగెత్తుతోంది. తడి బరువుకు గుడ్డ రెండు సగాలూ ఒక్కసారే భుజాలు జార్చాయి. ఎక్కడా తట్టుకోలేదు. నల్లటి ఒళ్లు, ఎర్రటి చక్రాలు, ఎండకు మెరిసే ఇత్తడి పట్టీలు. మా చిన్నప్పుడు మా బెంచీ ముందర నుంచే ప్యాసింజరును లాక్కుంటూ పోయిన రకం పాత బొగ్గింజన్ అది. జనం కేకలకు షెడ్డు రేకులు అదిరాయి. ఫిట్టరు టవలు గాల్లోకి ఎగరేశాడు. ఇంజనీరు అందరి ఎదుట నా చెయ్యి పట్టుకుని, "షెడ్డు పని సోమవారం నుంచే" అన్నాడు.

నేను నేతగాడి కోసం వెతికాను. ఆయన ఇంజన్ పక్కన చేరి, కిందపడిన గుడ్డను చేతులతో తడుముతున్నాడు.

"మీ ఊరి ఇంజన్ కాదే" అన్నాను మెల్లగా.

"కాకుంటే పోనీలే సాయిబన్నా" అన్నాడు, కళ్లనిండా నవ్వుతూ. "మా ఊరికి రాకున్నా మా ఊరి గుడ్డ కట్టుకున్నాది గదా. ఒక్క పోగన్నా సినిగిందేమో సూడు!"

ఒక్క పోగు కూడా చిరగలేదు.

అల్‌హందులిల్లాహ్. ఆయన వానా ఇచ్చాడు, నా మాటా నిలబెట్టాడు. ఒకటి అడిగితే రెండూ ఇచ్చాడు. చదువుతున్న తండ్రులారా, తల్లులారా, మీరు ఏ పేరుతో ఆయన్ను పిలిచినా సరే, ఒక్క నిమిషం నాతో పాటు చేతులు ఎత్తండి. నిచ్చెన మీద నిలబడిన ఆ ఇద్దరు స్నేహితులకూ వాళ్ల పిల్లలకూ చల్లని బతుకు ఇవ్వమని అడుగుదాం. మన పనిచేసే చేతుల్లో బలం ఉంచమని అడుగుదాం. నాతో కలిసి ఆమీన్ అనండి.