అప్పు తీరిందా అక్కా

మీరు చూళ్లేదు బిడ్డా, మనింట్ల కిరాయికున్న తొగుట ఊరి పిల్లను. ఇంజనీరింగ్ సీటుకు పొలం కుదువబెట్టి లోన్ తెస్తనన్నడు వాళ్ల బాపు. గామె ముందుగాల ఆ కాలేజీల చదివినోళ్లకు ఫోన్లు చేసింది. స్పీకర్ పెట్టి అందర్నీ గదొక్కటే అడిగేది.

"అక్కా, అప్పు తీరిందా?"

"జీతమెంతో అడుగరాదే?" అన్న నేను.

"జీతమైతే పెంచి చెప్తరు అమ్మమ్మా. అప్పు పెంచి ఎవ్వలు చెప్తరు?"

ఒక్కలది గూడ తీరలే. ఇంజనీరింగ్ వద్దన్నదని బాపు అలిగి మాట్లాడకున్నా, చిన్న లోన్‌తోని నర్సింగ్‌ల చేరింది. ఎంత గుండె ధైర్యమో!

మొన్న దవాఖానల గామెనే నాకు బీపీ చూస్తుంటే ఆమె ఫోన్ మోగింది. నర్సింగ్ చదువుదామనుకునే పిల్లెవరో స్పీకర్ల గదే మాట అడిగింది. నా చేతికున్న బీపీ పట్టీ ఇప్పుకుంట ఈమె నవ్వింది.

"తీరింది చెల్లే. పొలం గూడ మాకే ఉంది."