వదిన చెరపని మాట

మొన్న శుక్రవారం పొద్దున తాండూరు బండిలో మా అన్న కొడుకు వికారాబాదులో దిగి, చేతిలో సంచి కూడా లేకుండా మా ఇంటికి వచ్చాడు. సంచి లేకుండా వాడెప్పుడూ రాలేదు. వాళ్లమ్మ నాకోసం ఏదో ఒకటి కట్టి పంపేది. గుమ్మంలో నిలబడి "అమ్మ పోయిందత్తా" అన్నాడు. ఆ తర్వాత వాడు చెప్పిందేదీ నా చెవికెక్కలేదు.

వారం వారం ఎదురుచూసి ఆమె నవలలు చదివిన మీకు ఆమె రచయిత్రి. నాకు వదిన. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు మా ఇంటికి కోడలిగా వచ్చింది. బడిలో చదివింది ఉర్దూ. తెలుగు రాయడం ఇంట్లోనే వాళ్ల నాయన దగ్గర నేర్చుకుంది. ఈ పిల్ల తెలుగులో నవలలు రాస్తుందని ఆ రోజు ఎవరైనా అంటే అందరికన్నా ముందు నేనే నవ్వేదాన్ని. ఆడబిడ్డను కదా మరి.

మా అన్నది బండల వ్యాపారం. ఇంటినిండా నున్నటి తాండూరు బండలే పరిపించాడు. వదిన వాటి మీద బలపంతో రాసేది. నవలలో మనుషులు మాట్లాడుకునే మాటలు ముందు వంటింటి నేల మీద రాసుకుని, లేచి నిలబడి పైకి చదివి, నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేసేది. నచ్చినవే కాగితం ఎక్కేవి. గని దగ్గర మా అన్న గొంతు వింటే కూలీలు హడలిపోయేవారు. అదే మనిషి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి, ఆ మాటలు తొక్కకుండా గోడవారగా పిల్లిలా నడిచి వెళ్లేవాడు.

పెళ్లిళ్లు, స్నేహాలు, ఇంటి గొడవలు తప్ప ఆమె నవలల్లో ఏముంటాయని ఒక పెద్దమనిషి నా ముందే అన్నాడు. ఇంకేం ఉండాలట? నాకు ఒళ్లు మండింది కానీ వదిన నవ్వేసి ఊరుకుంది. "ఆలుమగలు కొట్లాడుకుంటే అది కథ గాదు. కొట్లాడినంక అన్నం ఎవరు వడ్డిచ్చిన్రో, గదీ కథ" అనేది.

ఆమె ఎంతటి మనిషో నాకు తెలిసింది మొదటి నవల రోజుల్లో. మద్రాసు వారపత్రిక ఒకటి దాన్ని వేసుకుంటోంది. నేను పురిటికని అన్న ఇంట్లోనే ఉన్నాను. పక్కింట్లో వదినకు ప్రాణస్నేహితురాలు ఒకామె ఉండేది. చదువు రాదు. ఒకరినొకరు "దోస్తూ" అనే పిలుచుకునేవారు. దోస్తుకు ముగ్గురూ ఆడపిల్లలే. భర్త భూమి ఉన్నవాడు. కొడుకు కోసమని మర్పల్లిలో ఇంకో పిల్లను చూసుకున్నాడు. రెండో పెళ్లికి అప్పటికింకా చట్టం అడ్డం రాలేదు. దోస్తు మాత్రం నోరు మెదపకుండా ఇంటిపని చేసుకుంటూ, మధ్యాహ్నం మా ఇంటికొచ్చి వదిన రాసింది చదివించుకుని వినేది.

"ఇది నా కథనే గదా?" అని అడిగింది ఒకరోజు.

"నీదే. వద్దంటే ఇయ్యాల్నే ఆపుత."

"ఆపకు. ఏమైతదో నాకు గూడ తెల్వాలె."

ఆ నవలలో భార్య ఒకచోట తల్లితో అంటుంది: "నాకు ముగ్గురు బిడ్డలు. గందుకే ఇంకో పెళ్లి చేసుకుంటడట." మద్రాసు నుంచి సంపాదకుడు కార్డు రాశాడు. ముగ్గురు బిడ్డలుండగా అతను మళ్లీ పెళ్లి ఎందుకు చేసుకుంటున్నాడో పాఠకులకు అర్థం కాదు, దయచేసి కారణం రాయండి అని. మన దగ్గర బిడ్డంటే కూతురు. పాపం, ఆయనకు బిడ్డంటే బిడ్డే, ఆడైనా మగైనా.

నాకు నవ్వు ఆగలేదు. "బిడ్డలని కొట్టేసి ఆడపిల్లలని రాయి వదినా, అయిపోతది" అన్నాను.

వదిన కూడా నవ్వింది. తర్వాత ఆ కార్డు మళ్లీ చదువుకుని నవ్వు ఆపేసింది. "ఎందుకు కొట్టెయ్యాలె? మంచిగ అడిగిండు గదా" అంది. దోస్తును పిలిచి పైకి చదివింది. దోస్తు ఇంకోసారి చదవమంది. విని, కొంగు సర్దుకుని వాళ్లింటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె భర్త మా గడప ముందు నిలబడ్డాడు. చిన్నకూతురు వెనకే వచ్చి ఆయన ధోవతి పట్టుకుంది.

"ఏందక్కా గిది? రాత్రి నాకు అన్నం పెట్టుకుంటనే అడిగింది మా ఇంటామె. బిడ్డలుండంగ ఇంకో పెళ్లెందుకని మద్రాసోళ్లు పరేషానవుతున్నరట, ఏం చెప్పాలె వాళ్లకు అని. నా ఇజ్జత్ తీసిన్రు మీరిద్దరు."

"నీ పేరు యాడ రాయలే తమ్మీ. కారణం చెప్పమన్నరు. నాకు తెల్వదు. నువ్వు చెప్పు, ఉన్నదున్నట్టు రాస్త."

చెప్పడానికే నోరు తెరిచాడు. అప్పుడు ధోవతి అంచు లాగుతున్న చిన్నదాని వైపు చూశాడు. అది కూడా ఏం చెబుతాడా అని తలెత్తి తండ్రి మొహంలోకే చూస్తోంది. తెరిచిన నోరు అలాగే మూతపడింది. ఒక్క మాటను చెరపనందుకు ఒక మనిషి సంసారం నా కళ్లముందే మలుపు తిరుగుతోంది. ఇంతటి మనిషితోనా నేను ఉప్పుకూ పప్పుకూ వాదులాడాను అనిపించింది.

చిన్నదాని తల మీద చెయ్యి వేసి, "చేసుకుంటలేడని రాయక్కా" అన్నాడు.

"ఇప్పుడే రాయను. మర్పల్లికి కబురు చేరినంక రాస్త" అంది వదిన, గొంతు పెంచకుండా.

ఆయన చిన్నదాన్ని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుని, ఇంటివైపు కాకుండా, మర్పల్లి వెళ్లడానికి స్టేషన్ దారి పట్టాడు. పిల్ల రెండు చేతులతో తండ్రి తల రుమాలు పట్టుకుని వెనక్కి వెనక్కి చూస్తోంది. వదిన గడప దాటి వీధిలోకి వచ్చి నిలబడింది. మలుపు దగ్గర ఆ పిల్ల వదినకు చెయ్యి ఊపబోయి, పడిపోతానని భయపడి, మళ్లీ రుమాలు గట్టిగా పట్టుకుంది.