ఎరుపు లేని పుండు

మా పండ్ల డాక్టరమ్మ పోయిందని బచ్చన్నపేటలో ఉండే మా అక్క ఫోన్ చేసి చెప్పింది. గుండె ఆగిపోయిందట. అప్పుడు నేను మొగుళ్లపల్లిలో మా ఇంటి ముందు గదిలో ఎవరిదో జాకెట్ కుడుతున్నాను. మిషన్ ఆపేశాను. మీరు నమ్మరు గానీ, జనగామలో ఉండే ఆ మనిషిని నేను ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. ఆమె మాత్రం నా నోట్లో ప్రతి మూలా చూసింది.

కిందటేడు ఎండాకాలం నా నోటినిండా పుండ్లు లేచాయి. వేడి చేసిందన్నారు. మజ్జిగ తాగమని ఒకరు, సబ్జా గింజలని ఒకరు, ఊరంతా వైద్యులే. మంచినీళ్లు మింగినా ప్రాణం పోయేది. చివరికి అక్కే, తను పళ్లు చూపించుకునే డాక్టరమ్మకు వీడియో కలిపింది.

నాకేమో సిగ్గు. పక్కన అత్త, గుమ్మంలో మా ఆయన. వాళ్ల ముందు నోరు బార్లా తెరవడమేంటి? కొంగు అడ్డం పెట్టుకున్నాను. డాక్టరమ్మ అది కనిపెట్టి ముందు తన నోరే తెరిచింది. ఒక పక్కన పన్ను లేదు!

"చూడు, పండ్ల డాక్టర్‌కే పన్ను లేదు. ఇగ నీకేం సిగ్గు?" అంది.

అత్త పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయి, పెదవి చిట్లి, అబ్బా అన్నాను. తీరా నోరు తెరిచాక ఆమెకు ఏమీ కనపడలేదు. ఎట్లా కనపడుతుంది, పొద్దున్నే అత్త నోరంతా పసుపూ నెయ్యీ మెత్తి పెట్టింది.

"అవ్వా, గిది నోరా, గడపనా? గింత పసుపు పూసినవేంది?"

"మంచిగైతదని పూసిన బిడ్డా."

"సరే తియ్. గోరువెచ్చని నీళ్లతోని పుక్కిలించమను. ఇగ నువ్వే టార్చి పట్టాలె, చెంచాతోని చెంప పక్కకు జరపాలె. నా చెయ్యి గంత దూరం రాదు గద."

ఆ రోజు నుంచి మా అత్తకు కొత్త ఉద్యోగం దొరికినట్టే అయింది.

వారం తిరిగేసరికి పుండ్ల చుట్టూ ఎరుపు పోయింది. మానుతున్నాయి కాబోలని సంబరంగా నేనే ఫోన్ చేశాను. ఆమె చూసింది. టార్చి దగ్గరికి తెమ్మని మళ్లీ చూసింది.

"పుండున్నది గాని చుట్టూ ఎరుపే లేదు. గిది నాకు నచ్చుతలేదమ్మా. పుండు చుట్టూ ఎర్రగైతే ఒంట్ల కొట్లాడెటోళ్లు ఉన్నరన్నట్టు. నీకు వాళ్లే కనవడ్తలేరు. ఫోన్ల చూసి నేను చెప్పేది సగమే, మిగతా సగం రక్తం చెప్పాలె. ఈ పొద్దే పరీక్ష చేయించు. రేపంటే ఊకోను."

ఊరుకోలేదు కూడా. భూపాలపల్లిలో రక్తం ఇచ్చి బయటికి వచ్చేదాకా మా ఆయనకు ఫోన్ల మీద ఫోన్లు. ఒంట్లో రోగాలతో కొట్లాడే తెల్లకణాలు అడుగంటాయట. ఎముకల లోపల తయారు కావలసిన రక్తమే సరిగా తయారు కావడం లేదని వరంగల్‌లో పెద్ద డాక్టర్లు చెప్పారు. మా పాప అప్పుడే బడిలో చేరింది. దాన్ని చూసి ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

వైద్యం వరంగల్‌లోనే, నోటి సంగతి మాత్రం ఈమె చూసుకునేది. పెద్ద డాక్టర్లతో తనే మాట్లాడేది. జనం మధ్య బస్సులో తిరిగితే ఏ రోగం అంటుకుంటుందో అని నన్ను జనగామకు రానియ్యలేదు. చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు, ఉప్పునీళ్ల పుక్కిలింత, నొప్పికి పూత మందు, కారం బంద్. "జ్వరమొస్తే నాకు ఫోన్ చెయ్యకు, సీదా దవాఖానకు ఉరుకు" అని ప్రతిసారీ చెప్పేది. ఎన్నిసార్లు చెబుతుందీ మనిషి అని విసుక్కునేదాన్ని. ఒకసారి నిజంగానే జ్వరం వచ్చినప్పుడు ఆ మాటే నన్ను లేపి ఆటో ఎక్కించింది.

తిండి దగ్గర మొండికేస్తే బుజ్జగించేది కాదు. "తినకుంటే బలమేడికెళ్లి వస్తది? జర మెత్తగ పిసుకు, చల్లారనియ్యి, మింగు. నేను చూస్తనే ఉంట" అనేది. చప్పటి పప్పన్నం చివరి ముద్ద మింగేదాకా ఫోన్ పెట్టేది కాదు. వెనకాల ఎవరో పేషెంటు దగ్గడం వినిపించేది.

చలికాలానికి కణాలు లేచాయి. ఒకరోజు నాలుక కొరుక్కుని చిన్న పుండయింది. అత్త టార్చి వేసి "చుట్టూ ఎర్రగున్నది బిడ్డా" అంది భయంగా. ఫోన్‌లో డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. పుండును చూసి చప్పట్లు కొట్టే డాక్టరును మీరెక్కడైనా చూశారా?

"వచ్చిండ్రు! కొట్లాడెటోళ్లు వచ్చిండ్రు!" అంది.

నేను ఈ నాలుగు ముక్కలు రాయడానికి మిగిలి ఉన్నది ఆమె వల్లే.

దినాలకు అత్తా నేనూ జనగామ వెళ్లాం. బస్సులోనే, జనం మధ్యనే. భోజనాల వరుసలో కూర్చున్నాం. వేడి అన్నం, ఎర్రటి యాట మాంసం కూర. అత్త నా విస్తరి వైపే చూస్తోంది. కలిపి ముద్ద పెట్టుకున్నాను. ఎక్కడా పుండు మంట లేదు, ఉన్నది ఒట్టి కారమే. కళ్ల నిండా నీళ్లొచ్చాయి. వడ్డిస్తున్న డాక్టరమ్మ కూతురు నా ముందు ఆగింది.

"కారమెక్కువైందా అక్కా?"

"లేదు చెల్లె, మంచిగున్నది. ఇంకింత వెయ్యి."