కట్టిన ఊరి నుంచి ప్రత్యక్ష ప్రసారం

తెల్లవారి ఐదింటికే షాద్‌నగర్ బస్టాండులో నిలబడ్డానంటే ఒక్క ఫోన్ కాలే కారణం. కాలేజీలో నేను చరిత్ర పాఠం చెబుతుంటే వెనక బెంచీలు హాయిగా నిద్రపోయేవి. ఆ కసితోనే కాబోలు, ఆదివారం పేపరుకు ఊళ్ల కథలు రాయడం మొదలుపెట్టాను. అవి చదివి మహబూబ్‌నగర్‌లోని ఒక చిన్న రేడియో స్టేషన్ వాళ్లు పిలిచారు. కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాను గానీ రేడియో మాత్రం నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు.

పోయిన వారం స్టూడియోలో రికార్డింగు అయ్యాక శ్రోతల ఫోన్లు అందుకుంటుంటే చిట్యాల నుంచి సైదమ్మ అనే ఆమె లైన్లోకి వచ్చింది. "మేడం, కేతేపల్లి దగ్గర మా తల్లిగారి ఊర్ల కొత్త బొడ్రాయి పెడ్తున్నరు. ఆ దినం ఊరు కడ్తరు. వచ్చి చూడున్రి" అంది. బొడ్రాయి అంటే ఊరి నడిబొడ్డున పాతే రాయి. ఊరు అక్కడే పుట్టిందని లెక్క. ఊళ్లెట్లా పుట్టాయో ఇన్నేళ్లుగా చెబుతున్న నాకు ఒక ఊరు కట్టడం కళ్లారా చూసే యోగం పట్టిందని ఎగిరి గంతేశాను.

బొడ్రాయి పెట్టే రోజు సాయంత్రం ఏడింటికే నా మొదటి ప్రత్యక్ష ప్రసారం కూడా. వినేవాళ్లు తగ్గారు, ఊళ్ల కథల పావుగంట సినిమా పాటలకు ఇచ్చేద్దాం అని పైవాళ్లు అంటున్నారట. "ఇది బాగా వస్తేనే మీ కార్యక్రమం ఉంటుంది మేడం. లేకుంటే నా చేతుల్లో ఏమీ లేదు" అని కార్యక్రమం చూసుకునే సారు ముందే చెప్పేశాడు. మధ్యాహ్నం దాకా ఊరు చూసి, ఏడింటికల్లా మహబూబ్‌నగర్ స్టూడియోలో మైకు ముందు కూర్చోవాలని నా ఆలోచన.

ఆరాంఘర్‌లో దిగి, ఎల్బీనగర్ చేరి, రెండు ఇడ్లీలు గబగబా మింగి, సూర్యాపేట బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టాను. ఈ దారిన వచ్చే ఆడవాళ్లు ఆధార్ కార్డు మర్చిపోవద్దు. కార్డు చూపిస్తే కండక్టరు పైసా తీసుకోకుండా జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఎనిమిదిన్నర ప్రాంతంలో, అనుకున్నట్టే, చిట్యాలలో సైదమ్మ పెద్ద బ్యాగుతో ఎక్కింది. నా చేతిసంచీ చూసి, "మీ బట్టలేవి మేడం?" అని అడిగింది.

"సాయంత్రానికి వెళ్లిపోతాను కదా" అన్నాను.

"గట్లెట్ల పోతరు?" అంది. మర్యాదకు ఉండమంటోంది అనుకున్నాను.

తర్వాత తన చెల్లెలు పద్మ సంగతి ఎత్తింది. "మీ షాద్‌నగర్ కాడనే కంపెనీల జేస్తది మేడం. సెలవియ్యలేదు. ఊరి ఆడబిడ్డలందరు తలొక బిందె నీళ్లు బొడ్రాయి మీద పొయ్యాలె. మా అమ్మ నిన్నటి సంది ఒకటే ఏడుపు."

నకిరేకల్ దాటి, కేతేపల్లిలో దిగి ఆటో ఎక్కాం. ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా వేపమండల తాడు కట్టి ఉంది. మమ్మల్ని చూసి తాడు పైకెత్తారు. డప్పుల మోతకు నా ఒళ్లు పులకరించింది. సెల్‌ఫోన్ తీసి రికార్డు చేస్తూనే ఉన్నాను. ఊరికి చెడు సోకకుండా పొలి అన్నం, అంటే బలి అన్నం, చల్లుతూ మగవాళ్లు పొలిమేర చుట్టి వచ్చారు.

"ఇగ ఊరు కట్టిన్రు మేడం" అంది సైదమ్మ.

"ఎక్కడ కట్టారు? ఇంకా రాయే నిలబెట్టలేదు కదా?"

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇల్లు కట్టినట్టు గాదు మేడం, మేకను కట్టినట్టు. రేపు పొద్దుగాల ఇప్పేదాక లోపలోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు లోపలికి రావద్దు."

అంటే కట్టేసిన మేకల్లో నేనూ ఒకదాన్ని. పెద్దమనుషుల కాళ్లావేళ్లా పడ్డాను. "కలెక్టరొచ్చినా ఇప్పేది లేదమ్మా. జర కూసో, అన్నం తిను" అని ఒకాయన తీయగా చెప్పాడు. సారుకు ఫోన్ చేసి ఊళ్లో ఇరుక్కుపోయానని చెప్పాను. కార్యక్రమం ఇక్కడి నుంచి ఫోన్లోనే చెబుతానని బతిమాలాను. "మీ ఇష్టం మేడం. పాటలు మాత్రం పక్కన సిద్ధంగా పెట్టుకుంటా" అన్నాడు.

సైదమ్మ వాళ్లది గొర్రెల మంద ఉన్న ఇల్లు. మాంసం కూర అద్భుతం, కానీ నా చూపంతా గడియారం మీదే. ఏడింటికి బొడ్రాయి దగ్గర జనం మధ్య నిలబడి, రాసుకొచ్చింది ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. మొదటి వాక్యాన్నే డప్పులు మింగేశాయి. కాగితాలు మడిచి సంచీలో పెట్టేసి, కళ్ల ముందు కనిపిస్తున్నది కనిపిస్తున్నట్టు చెప్పసాగాను. రాయి నిలబెడుతున్నారు, ఆడబిడ్డలు బిందెలతో వరుస కట్టారు అంటూ నా గొంతు నాకే కొత్తగా ఉరకలు వేసింది.

అంతలో సారు శ్రోతల లైను కలిపాడు. "మేడం, నేను పద్మను. కంపెనీ గేటు కాడికెల్లి మాట్లాడుతున్న. మా అమ్మ గాడ ఉన్నదా?"

పక్కనే ఉన్న వాళ్లమ్మ ముత్తమ్మకు ఫోన్ ఇచ్చాను. ఆమె దాన్ని చెవికి పెట్టుకోలేదు. సైదమ్మ చేతికిచ్చి, రాయి పక్కన పట్టుకోమంది. రెండు చేతులా బిందె ఎత్తింది.

"పద్మా, నీ బిందె పోస్తున్న. ఇను బిడ్డా."

డప్పులు ఆగాయి. నీళ్లు రాయి మీద పడి జారుతున్న చప్పుడు ఒక్కటే. మాట ఆగితే వినేవాడు రేడియో కట్టేస్తాడని నాకు నేర్పారు. అయినా నోరు పెగల్లేదు. ఏడ్చేశాను.

రాత్రి గొర్రెపిల్లల అరుపుల మధ్య నులకమంచం మీద పడుకున్నాను. పొద్దున తాడు విప్పగానే బయలుదేరాను. పద్మకు ఇమ్మని ముత్తమ్మ చీర, బెల్లం నా సంచీలో పెట్టింది. బస్సు నార్కట్‌పల్లి దాటాక సారు ఫోన్ చేశాడు.

"మేడం, నిన్న చాలాసేపు మీ గొంతే వినపడలేదు."

"తెలుసు సార్" అన్నాను.

"అప్పటి నుంచి శ్రోతలు ఇక్కడ ఫోను పెట్టేయనివ్వడం లేదు. మా ఊరికి రమ్మంటే మా ఊరికి రమ్మంటున్నారు. మీ పావుగంట మీకే ఉంచారు. ఇక స్టూడియోకు మాత్రం రావద్దు, ఊళ్ల నుంచే చెప్పండి."

సీట్లోంచి లేచి నిలబడ్డాను. "చిట్యాల ఇంక రాలేదమ్మా, కూసోండి" అన్నాడు కండక్టరు. కూర్చుని కిటికీ వైపు తిరిగి నాలో నేనే నవ్వుకున్నాను. ఇన్నేళ్లు నేనే చరిత్ర చెప్పానని గర్వం నాకు. ఊరు తన కథ తాను చెప్పుకుంటుంటే పక్కన నిలబడి వినడంలో ఇంత సంతోషం ఉందని ఈ ప్రయాణంలోనే తెలిసింది.

షాద్‌నగర్‌లో దిగి ఇంటికి పోకుండా నేరుగా సైదమ్మ చెప్పిన కంపెనీ గేటుకు పోయి పద్మకు కబురు పంపాను. మధ్యాహ్నం అన్నానికి బయటికొచ్చిన పద్మ నేను నోరు తెరవగానే గుర్తుపట్టింది. చీర అందుకుని గుండెకు హత్తుకుంది. మెల్లగా అడిగింది:

"నిండు బిందేనా మేడం?"

"నిండు బిందె. కళ్లార చూసిన" అన్నాను.