పసుపులో గీత ఒకటా, రెండా?

మా వీధి కారం మిల్లులో మర ఆడుతున్నట్టుంది, కిటికీలు మూసినా ఘాటు లోపలికొచ్చి కళ్లు మండుతున్నాయి. చిలకలూరిపేటలో ఇది మామూలే. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగినప్పుడల్లా ప్రభాకరం మాస్టారు గుర్తొస్తారు. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరిన ఏడే ఆయన రిటైరయ్యారు. అప్పటికే ఆయన భార్య పోయారు, పిల్లలు లేరు, చూపు రోజురోజుకీ మసకబారుతోంది.

ఓ ఆదివారం పొద్దున పలకరించడానికి వెళితే, డాబా మీద కూర్చోబెట్టి ఓ అట్టపెట్టె చేతికిచ్చారు. దానికి ఒక పక్క రెండు బ్లేడ్లు దగ్గరగా అంటించి చేసిన సన్నటి చీలిక, లోపల సీడీ ముక్క. ఎండ పడిన తెల్లగోడ వైపు తిప్పి చూస్తే రంగుల పట్టీ, అందులో అక్కడక్కడా సన్నటి నల్లగీతలు. నాకు తెలిసిందే అయినా ఆయన క్లాసులో చెప్పినట్టే చెప్పారు.

“మంటలో ఉప్పు వేస్తే పసుపు వెలుగొస్తుంది కదా, అది సోడియం. సూర్యుడి వెలుగులో సరిగ్గా ఆ పసుపు చోటే నల్లగీత పడిందంటే, అక్కడా సోడియం ఉన్నట్టే. నక్షత్రాల గుట్టంతా ఇలాగే బయటపడింది. అది సరే గానీ, ఆ పసుపులో గీత ఒకటా, రెండా?”

పుస్తకాల్లో రెండని ఉంటుంది. నాకు ఎంత కళ్లు చిట్లించినా ఒకటే. పెద్దాయన ముందు పరువు పోతుందేమో అనిపించినా, “ఒకటేనండీ” అన్నాను.

ఆయన చెయ్యి చాపి పెట్టె వెనక్కి తీసుకున్నారు.

“ఈ పెట్టెకు రెండూ విడివిడిగా చూపించేంత సత్తా లేదమ్మా. చేసినవాణ్ణి, నాకు తెలీదా? మన స్టాఫంతా వచ్చి రెండు కనబడుతున్నాయనే చెప్పారు, గుడ్డివాణ్ణి బాధపెట్టడం ఎందుకని. చూపు పోతే పోయింది. ఇక ఎవరి మాట నమ్మి బతకాలా అని భయమేస్తోంది.”

అప్పట్నించీ ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. చొక్కా మీద పప్పు మరక ఉంటే ఉందని చెప్పేదాన్ని. “పొద్దున్నించీ ముగ్గురొచ్చిపోయారు, ఒక్కరన్నా చెప్పారా చూడు!” అని నవ్వేవారు.

ఓసారి గుంటూరు తీసుకెళితే, కళ్ల డాక్టరు ఆయన్ని బయట కూర్చోబెట్టి, ఉన్న కాస్త చూపూ నిలవదని నాతో చెప్పి, “ఇప్పుడే ఆయనకు చెప్పకండి” అన్నాడు. నేను బయటికి రాగానే మాస్టారు అడిగారు.

“ఏమన్నాడమ్మా?”

పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. “ఉన్నది కూడా పోతుందటండీ” అన్నాను.

“సరే” అన్నారు. బస్టాండు దాకా నా చెయ్యి వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునేవాళ్లు తక్కువ. ఒంటరిగా ఉంటుంది, దాచడమెందుకు. అడిగితే ఈరోజుకీ ఉన్నదున్నట్టే చెబుతాను. అలా నమ్మి అడిగే మనిషే లేరు.