బసవయ్యగారి నెమళ్ళ పరిశీలన

పరదేశంలో, వుడ్‌ల్యాండ్స్ పేటలో పదకొండో అంతస్తు ఫ్లాటులో ఉండే బసవయ్య, ఉద్యోగం మానేశాక కాపురముండడానికని కదిరి దగ్గర చిన్న తోట కొన్నాడు. పొద్దెక్కాక నెమలి కూతకు తీరిగ్గా నిద్ర లేవాలన్నది ఆయన కోరిక. నెమళ్ళను పట్టి పెంచడం నేరం కనుక, గింజలు చల్లి, నీళ్ళతొట్టి కట్టి, మర్యాదగా ఆహ్వానించాలా వద్దా అన్న విషయం ఏడాదిగా ఆయన పరిశీలనలో ఉంది. బ్యాంకులో సాఫ్ట్‌వేరును పరీక్షించే మనిషి. పరీక్షించనిదే దేన్నీ గడప దాటనివ్వడు. అందుకే ఆదివారాలు భార్య సుభద్రతో సెంతోసా దీవికి వెళ్ళి, అక్కడ తిరిగే నెమళ్ళ వెనక చేతులు కట్టుకుని నడుస్తాడు. అవి ఆగితే ఆగుతాడు. ఈక రాలితే వంగి చూసి, ముట్టుకోకుండా లేస్తాడు.

మొన్న ఒక నెమలి నేరుగా వచ్చి వాళ్ళ పులిహోర డబ్బాలో ముక్కు పెట్టింది. బసవయ్య లేచి చోటిచ్చాడు. సుభద్ర మాత్రం స్టీలు మూత తీసి గరిటెతో టంగుటంగుమని వాయించింది. నెమలి తోక ఈడ్చుకుంటూ పరుగెత్తింది.

“ఇదెప్పుడు నేర్చినావే?”

“చిన్నప్పుడు మా చెనిక్కాయ చేన్లో దినామూ ఇదే పని నాకు. తెల్లారేలోపే పోయి కంచం కొట్టాల. లేకుంటే గింజ మిగల్దు.”

“మన తోటలోనూ కొట్టాలా?”

“కొట్టాల.”

“ఎవరు?”

“పిలిచినోళ్ళే గదా సామీ,” అంది సుభద్ర, రెండో డబ్బాలోని పెరుగన్నం వడ్డిస్తూ.

 బసవయ్య మూతా గరిటే అందుకుని, ఎవరూ చూడడం లేదని నిర్ధారించుకుని, మెల్లగా ఒక్కసారి కొట్టి చూశాడు.