అరటినార ముడి

తడిసిన అరటినార వాసన తగిలితే ఈ వయసులో కూడా నా వేళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి. మా అమ్మ మా ఉప్పళం పేటలో వీధి మూలమీద నలభై ఏళ్లు పూలమ్మింది. ఎవరినీ నమ్మేది కాదు. మార్కెట్లో గంపలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి అడుగు పూలు చూసేది. అరటినారతో నేను కట్టిన మూర పూలను రెండు చేతులా పట్టి లాగేది. జారితే మొత్తం విప్పి నా ఒళ్లో పోసేది.

"లాగితే జారేదాన్ని ముడంటారా మే? మొదట్నించీ కట్టు."

ఏడుస్తూ కట్టేదాన్ని. బడికి పంపలేదు. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటినాక.

పోయినేడు అమ్మ నన్ను మరిచిపోయింది. నిజం చెప్తాను, నేను నమ్మలేదు. ఎదురింటి సెల్వి వస్తే "నీ పెళ్లికి పూలజడ కట్టింది నేనే గదా" అంటుంది. నన్ను చూపించి "ఈమె ఎవరు?" అంటుంది. నటిస్తోందనే అనుకున్నాను.

కొత్తగా వచ్చిన చదువు ఊరికే ఉండనిస్తుందా? 'నేను నీ కూతురు కనకం' అని పెద్దక్షరాలతో రాసి మంచం పక్క గోడకు అంటించాను. ఆమెకు చదవను రాదన్న సంగతి అంటించినాక గాని తట్టలేదు.

"కాగితం తెచ్చినావా? ఇల్లు రాయించుకోవాలనా? వేలిముద్ర ఎయ్యను పో!" అని చింపేసింది.

ఆ పూట నుంచి నా చేతి అన్నం ముట్టలేదు. "ఏం కలిపినావు దీంట్లో? ముందు నువ్వు తిను." తిన్నాను. "నీకు పడుద్దేమో, నాకు పడదు" అని కంచం నెట్టేసింది. మూడు రోజులు సెల్వి ఇచ్చిన టీ తప్ప ఏమీ లేదు; సెల్వి చేత పెట్టించినా అన్నం నేను వండిందేనని నెట్టేసింది. ఇలాగే ఉంటే ముక్కులో ట్యూబు వెయ్యాలన్నాడు డాక్టరు.

నాలుగోనాడు విసిగిపోయి, ఆమెకు వీపు పెట్టి కూర్చుని, దేవుడి పటానికి కనకాంబరాలు కడుతున్నాను. వెనకనుంచి వచ్చి మాల లాక్కుంది. రెండు చేతులా పట్టి లాగింది. జారలేదు. మళ్లీ లాగింది.

"ఎవరు నేర్పినారు?"

"మా అమ్మ."

"యాడుంటుంది?"

"ఈడే, ఉప్పళంలో."

"గట్టి మనిషే." నా చేతులవంక చాలాసేపు చూసింది. "ముడి సరిగా ఉండాది. అన్నం పెట్టు."

అప్పటినుంచీ పూటపూటకూ అన్నానికి ముందు ఒక మూర కడతాను. ఆమె లాగి చూసి, తింటుంది. కూతురినని మళ్లీ చెప్పలేదు. చెబితే ఆ మాటను లాగి చూస్తుంది, జారుతుంది.

ఈ మధ్య నా వేళ్ల కీళ్లు వాస్తున్నాయి. అందుకని మాల ఆమె చేతికివ్వకముందే, వంటింట్లో నిలబడి, ఒక్కొక్క ముడినీ నేనే లాగి చూసుకుంటాను.